అవతలి వైపు పూత

నేను కట్టిన గోడకి ఏనుగొచ్చి వీపు గోక్కున్నా ఇసుక రేణువు రాలదు. గొప్పలు కాదు, ఉన్నమాట. కారే కొళాయిలు, కుంటే కుర్చీలు, మూసుకోని తలుపులు... ఈ ఇంట్లో నా చెయ్యి పడి బాగుపడని వస్తువు లేదు. నేను సుత్తి పట్టుకుని వస్తుంటే మేకులు వాటంతటవే దిగేవి.

మా అన్నయ్య కంటికి మాత్రం నా పని ఏదీ ఆనేది కాదు. వెనకే వచ్చి, బుగ్గన లవంగం అటు నుంచి ఇటు మార్చి, "తమ్ముడూ, గుండు వదిలి చూశావా?" అనేవాడు. గుండంటే తాడుకి వేలాడే ఇనప బరువు. గోడ నిటారుగా ఉందో లేదో అది చెబుతుంది. రంపానికి చూపుడువేలు పోగొట్టుకున్న మనిషి నాకు పాఠాలు! ఇటుక పెట్టగానే తాపీ పిడితో రెండుసార్లు తట్టేవాడు. టక్ టక్. నాకైతే ఒక్క దెబ్బ చాలు.

అన్నయ్య పోయి ఏడాది తిరక్కుండానే ఇల్లు రెండు వాటాలైంది. హాలుకి ఎటూ రెండు తలుపులున్నాయి. మధ్యలో గోడ లేపితే ఎవరి దారి వాళ్ళది. దానికి మేస్త్రీ ఎందుకు, నేను చచ్చానా?

నేల మీద దారం లాగుతుంటే వదిన వచ్చి నిలబడింది.

"మరిదిగారూ, దారం జానెడు మా వైపు జరిగింది."

"నా కన్నే రసమట్టం వదినా. అనుమానముంటే అన్నయ్యని పిలిచి కొలిపించుకోండి."

వదిన లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రానికి గోడ నా తల దాటి పైకప్పుకి దగ్గరపడింది. పదిమంది మేస్త్రీలకి నెల పట్టే పని! బయట మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. హాలంతా తడి సిమెంటు వాసన. ఇటుక పెట్టి ఒక దెబ్బ వేశాను. అవతల్నుంచి... టక్ టక్.

ఆగాను. గోడ వెనక తాపీ గీరుతున్న చప్పుడు. మెల్లగా, తీరుబడిగా, పై నుంచి కిందికి.

"ఏం వదినా, మేస్త్రీని పెట్టుకున్నారా? నా పని మీద అంత నమ్మకమా?" అని అరిచాను.

గీరుడు ఆగలేదు. సిమెంటు వాసనలోంచి సన్నగా మరో వాసన... లవంగం.

మా ఆవిడ టార్చి పట్టుకుని వచ్చింది. "ఎవరి మీదండీ ఆ కేకలు? అక్కయ్య పొద్దున్నే తాళం వేసుకుని వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిందిగా!"

పైకప్పు కింద ఇంకా రెండు వరసల ఖాళీ ఉంది. స్టూలెక్కి, తల దూర్చి, టార్చి వేశాను. అవతల ఎవరూ లేరు. తలుపు మూసే ఉంది. కానీ గోడకి ఆ వైపంతా పూత. అద్దంలా నున్నగా. ఇంకా తడిగా. దాని మీద ఒక అరచెయ్యి అచ్చు... చూపుడువేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఇంకొకడైతే అక్కడే ప్రాణం వదిలేవాడు. నా కాళ్ళు వణికాయంటే అది స్టూలు కుంటిది కాబట్టి. పంతం కొద్దీ మిగతా ఇటుకలూ పేర్చేశాను. ఆఖరి ఇటుక సందులోకి తోశాను. అవతల్నుంచి ఎవరో... అందుకున్నారు. నా చేతిలోంచి మెల్లగా లాగి, సరిచేసి...

టక్ టక్.

తడి సందులోంచి గుసగుస. "తమ్ముడూ... గుండు వదిలి చూశావా?"

బతికినన్నాళ్ళూ అదే మాట. పోయాకా అదే మాట!

వదిన తిరిగొచ్చి ఆ పూతని అరచేత్తో నిమిరి చూసింది. "బాగుంది మరిదిగారూ. ఇది మీ చెయ్యి మాత్రం కాదు," అంది. కట్టింది నేను, పేరు అన్నయ్యకి. ఆ కోపంతో నా వైపు పూత వెయ్యనేలేదు. ఇటుకలు ఇటుకల్లాగే వదిలేశాను.

ఈమధ్య నా వైపు సగం హాల్లో అడ్డంగా పట్టే మంచం పట్టడం మానేసింది. మంచాలు పెరగవు కదా. జానెడు కోసేశాను. మళ్ళీ పట్టలేదు. చూద్దును కదా, ఇటుకలు కనబడటం లేదు. నా వైపు కూడా పూత. అద్దంలా నున్నగా, తడిగా.

ఇవాళ తలుపు గోడకి కొట్టుకుని సగమే తెరుచుకుంది. నేను పక్కకి తిరిగి ఎలాగో బయటపడ్డాను. మా ఆవిడ కాస్త లావు మనిషి, ఆ సందులో పట్టలేదు. "రంపం తెచ్చి తలుపు కోసేస్తా, ఉండు," అని చెప్పి వచ్చాను.

వరండాలో కూర్చుని రంపానికి పదును పెడుతున్నాను. భయం కాదు. మొద్దు రంపంతో పని చెయ్యడం నాకు నామోషీ. ఇందాకటిదాకా లోపల్నుంచి నన్ను పిలుస్తూనే ఉంది. ఇప్పుడు పిలవడం లేదు. గొంతు తగ్గించి, మర్యాదగా, ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఇంక జరగడానికి చోటు లేదు, బావగారూ..."