ఫినిష్ లైన్ జరిపిందెవరు?

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు బాబూ!"

యాకోబు మాస్టారు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆపి, ఆ అంకెల్ని ట్రైనర్ శివాజీ ముఖం ముందు పెట్టారు. పక్కనే ఆయన కూతురు శారోన్ మోకాళ్ల మీద చేతులానించి రొప్పుతోంది.

సోమవారం ఆమెకి ఎస్సై ఉద్యోగానికి ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు. పదహారు వందల మీటర్ల పరుగులో టైం దాటితే ఇంటికే. ఇవాళ కూడా దాటింది.

"తగ్గాల్సిన టైం పెరుగుతోందయ్యా. దీన్ని ట్రైనింగ్ అంటారా?"

"నాకూ అర్థం కావట్లేదండి మాస్టారూ," అన్నాడు శివాజీ.

కూతురికి పర్సనల్ ట్రైనర్ కోసం మాస్టారు తిరగని చోటు లేదు. రాజోలు జిమ్‌లో కుర్రాడు మొదటి రోజే ప్రోటీన్ పౌడర్ డబ్బా అంటగట్టబోయాడు. అమలాపురంలో ఒకాయన రోజూ వాట్సాప్‌లో వీడియోలు పెడతానన్నాడు. చివరికి సఖినేటిపల్లి రేవులో దొరికాడు శివాజీ. తండ్రితో కలిసి బోటు నడుపుతాడు. పరుగులో జిల్లా మెడల్ ఉంది. ఎత్తు చాలక ఎస్సై ఉద్యోగం తప్పిపోయింది.

రిటైర్డ్ హెడ్మాస్టరు కాబట్టి యాకోబు గారు ఇంటర్వ్యూ కూడా చేశారు.

"మా అమ్మాయి పరిగెడుతుంటే నువ్వేం చేస్తావు?"

"వెనకాల పరిగెడతానండి."

"ట్రైనరు ముందుండాలి కదయ్యా?"

"ముందుంటే ఆవిడ తప్పులు కనపడవు కదండీ."

తలుపు చాటున శారోన్ కిసుక్కున నవ్వింది. ఉద్యోగం ఖాయమైంది. షరతు ఒక్కటే: పాసయ్యే టైం వచ్చిన రోజుతో ట్రైనింగ్ ఆఖరు.

శివాజీ మొదటి రోజే ఏటిగట్టు మీద పదహారు వందల మీటర్లు టేపుతో కొలిచాడు. దూరం పూర్తయిన చోట ఉన్న కొబ్బరిచెట్టుకి సున్నం పట్టీ వేశాడు. అదే ఫినిష్ లైన్. చెట్టు నడవదు కదా అని మళ్లీ ఎవరూ కొలవలేదు.

"ఒక్కసారి టేపు పట్టనివ్వండి మాస్టారూ. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాడు శివాజీ ఇప్పుడు.

"ఇప్పుడెందుకండీ? ఎండెక్కుతోంది," అంది శారోన్ గబగబా.

కొలిచారు. తెల్ల పట్టీ ఇంకా చాలా ముందుండగానే దూరం అయిపోయింది. అక్కడి చెట్టు మొదట్లో సున్నం గీకేసిన మరకలున్నాయి. అంటే శారోన్ ఇన్నాళ్లూ అవసరానికి మించి పరిగెడుతోంది. అసలు దూరానికైతే ఎప్పుడో పాసయింది!

సంతోషించాల్సిన మాస్టారి ముఖం ఎర్రబడింది.

"పట్టీ ఎవరు జరిపేరు? ట్రైనింగ్ సాగితే లాభం ఎవరికి?"

ఆయన చూపు శివాజీ మీద ఆగింది. శివాజీ చూపు మాత్రం శారోన్ మీద ఆగింది. ఆమె వంచిన తల ఎత్తడం లేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి, అవి పరుగు వల్ల ఎర్రబడ్డవి కావు.

శివాజీకి అంతా అర్థమైంది.

"నేనేనండి మాస్టారూ," అన్నాడు.

"సిగ్గులేదూ! సఖినేటిపల్లి నుంచి రాజోలు దాకా నీ సంగతి చెప్తాను. ఇంకెవరైనా పిల్లల్ని నీ దగ్గరికి పంపిస్తారేమో చూద్దాం!"

"ఆయ్. చెప్పండి."

ఇక శారోన్ ఆగలేకపోయింది. గట్టు మీదే నడుము మీద చేతులేసుకుని నిలబడింది, అప్పుడే ఎస్సై అయిపోయినట్టు.

"సున్నం ఎక్కడ తెచ్చేరండీ?"

"మా ఇంట్లోంచి."

"మొన్న వాన కొట్టింది. సున్నమైతే కారిపోదా? వేలితో గీకి చూడండి."

మాస్టారే గీకారు. రాలలేదు. దగ్గరికి వంగి చూశారు.

"ఇది... క్రిస్మస్‌కి మన ఇంటికి వేయగా మిగిలిన డిస్టెంపర్ కదమ్మా?"

"అవునండి నాన్నగారూ. ఈయనకి అబద్ధం చెప్పడం కూడా రాదు. దానికీ ట్రైనింగ్ ఇవ్వాలి."

"మీరు ఊరుకోండి శారోన్ గారూ," అన్నాడు శివాజీ మెల్లగా.

"నేనెందుకు ఊరుకోవాలండీ? చేయని తప్పుకి మీరు ఊళ్లో మాట పడతారా?"

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన గొంతు తగ్గింది. "పట్టీ జరిపిన మనిషికి ఏం కావాలమ్మా?"

"టైం వచ్చిన రోజు నుంచి ఈయన రారు కదండీ. ఆ మనిషికి అది నచ్చలేదు. ఈవెంట్స్ అయ్యేక కూడా ఈయన రావాలి. వెనకాల కాదు, పక్కన."

"ఎవరా మనిషి? పేరు చెప్పు."

ఆమె తండ్రి వైపు చూడలేదు. శివాజీ కళ్లలోకి సూటిగా చూసింది.

"యాకోబు మాస్టారుగారమ్మాయి. శారోన్."