చేతి నియమం

2071 నాటికి విజయవాడ జనం మెడ గబుక్కున తిప్పడం మానేశారు. ఎక్కడ పళ్లెం జారిపడ్డా, ఎక్కడ బస్సు గుద్దుకున్నా, ఒళ్లంతా మెల్లగా అటు తిరుగుతుంది, రెప్ప ఆగిపోతుంది. గబుక్కున తిప్పితే బొమ్మ చెదిరిపోతుంది మరి. చావింట్లో కూడా కన్నీళ్లతో కంట్లోని పొర మసకబారుతుందని, సొంత కొడుకులు సైతం ముందు ఒక నిమిషం శవాన్ని శుభ్రంగా చూసి, ఆ తర్వాత ఏడుస్తారు. చూస్తే అసహ్యం వేస్తుంది. కానీ చూసేవాడెవడు, అందరూ తీసేవాళ్లే.

ఆ పొర పేరు నిక్కపొర. కంట్లో పెట్టుకునే కాంటాక్ట్ లెన్స్ లాంటిదే, కాకపోతే కన్ను చూసినదాన్ని చూసినట్టే సర్వర్‌కు పంపుతుంది. దాన్ని తయారుచేసినవాడు డాక్టర్ కొడవటి త్రివిక్రమరావు. అంతకుముందు ఇరవై ఏళ్లు ఎవరి మొహాన్నయినా ఎవరికైనా అతికించిన కాలం. జరగని వరదలు ఫోన్లలో ఊళ్లను ముంచేవి, చచ్చిపోయిన నాయకులు లేచి ఉపన్యాసాలిచ్చేవారు. కొందరు ప్రబుద్ధులు తమ పాకకు తామే నిప్పంటించుకుని, ఏడుస్తూ వీడియో తీసి పంపేవారు. జనం ఏదీ నమ్మడం మానేశారు. పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

త్రివిక్రమరావు తండ్రి ఒకప్పుడు చిన్న ఊళ్లో విలేకరి. "విలేకరి చెయ్యి వార్తలో ఉండకూడదు" అని ఆయన అస్తమానం అనేవాడు. కొడుకు ఆ మాటను యంత్రంలో పెట్టాడు. పొరతో పాటు మణికట్టుకు ఒక పట్టీ ఉంటుంది. అందులోని సెన్సర్ చేతి కండర సంకేతాలను చదివి, కంట్లో పడినదానితో పోల్చుతుంది. పొర పెట్టుకున్నవాడి చెయ్యి ఆ సంఘటనను ముట్టుకుందంటే, వార్తకు నిజమని వేసే నిక్కముద్ర పోతుంది. దాని మీద 'కల్తీ' అని పడుతుంది. దీన్నే చేతి నియమం అన్నారు. అబద్ధపు వార్తలు ఒక్క ఏడాదిలో అంతమయ్యాయి. నగరంలో పదకొండు లక్షల మంది పౌర విలేకరులయ్యారు. వాళ్లు పంపినవాటిని కూర్పరి అనే యంత్రం సరిచూసి వరుసలు పేరుస్తుంది. పైవరసలో పేరు పడినవాడికి వీధిలో ఆ రోజంతా నమస్కారాలే.

విచిత్రమేమిటంటే త్రివిక్రమరావు మాత్రం పొర పెట్టుకోలేదు. తన కొట్లో మిఠాయి తాను తినని మనిషిలా, ఆయన డెబ్బై ఏళ్లకూ కళ్లజోడుతోనే ఉండిపోయాడు. ఫోటో కూడా ఎక్కడా వేయనివ్వలేదు.

ఒక ఉదయం ఆయన ప్రయోగశాలకు ఒక ఆడమనిషి వచ్చింది. పేరు దాసరి ఎస్తేరు. బందరు కాలువ మీద ఇటుకల రేవులో కొబ్బరిబోండాల బండి పెట్టుకుని బతుకుతోంది.

"సారూ, నా పేరు మీద కల్తీ అని పడిందండి. తీసెయ్యండి" అంది, నిలబడే.

"ఏం జరిగిందమ్మా?"

"మొన్న కోటయ్యని, గుర్రపుడెక్క మొక్కలు తీసేవాడండి, కాలు జారి కాలవలో పడ్డాడు. నేను దూకాను. జుట్టు దొరికింది, పైకి లాగాను కూడా. కానీ బరువైన మనిషండి, మెట్టు మీదికి ఎక్కించలేకపోయాను. ఒక్కళ్లు, ఒక్కళ్లు చెయ్యి అందిస్తే బతికేవాడు. పట్టండ్రా అని అరిచాను. అందరూ నా వంక చూస్తూనే ఉన్నారండి. రెప్ప కూడా వెయ్యలేదు."

ఆయన ఒక కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"నా చెయ్యి తగిలింది కాబట్టి నా పొర పంపింది కల్తీ అంట. నేనే తోసి ఉంటానని వాడలో అంటున్నారు. కోటయ్య పెళ్లాం నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. ఆయన జుట్టు ఇంకా నా గుప్పిట్లో ఉన్నట్టే ఉందండి."

ఆమె కూర్చున్నాక ఆయన కూర్పరిని అడిగాడు.

"కోటయ్య మరణంపై నిక్కముద్ర గల వార్తలు రెండు వందల పన్నెండు" అంది యంత్రం. "అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పైవరసలో ఉన్న వార్తలో మృతుడి ముఖం నలభై సెకన్లు కదలకుండా కనిపిస్తుంది."

"ఆ నలభై సెకన్లు తీసినవాడు ఎంత దూరంలో ఉన్నాడు?"

"రెండు అడుగుల దూరంలో."

రెండు అడుగులు! చెయ్యి చాచితే చాలు. చాచకపోవడానికి కారణం భయం కాదు, తాను రాసిన నియమం. వాళ్లను తిట్టుకున్నాడు, అంతకు రెట్టింపు తనను తిట్టుకున్నాడు.

ఆ వారమే ఆయన నియమాన్ని మార్చాడు. ఆపదలో ఉన్నవాడిని కాపాడటానికి చెయ్యి పడినా వార్తకు ముద్ర పోదు. పోకపోవడమే కాదు, అలాంటి వార్త నేరుగా పైవరసకు వెళుతుంది. ఎస్తేరు పేరు మీద కల్తీ చెరిగిపోయింది. కోటయ్య భార్య స్వయంగా వచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చిందని తెలిసి, ఆయన ఆ పూట సంతోషంగా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మొదటి వారం నగరంలో తొమ్మిది మందిని కాపాడారు. రెండో వారం ముప్ఫై నలుగురిని. ఈతబడులు నిండిపోయాయి. పక్క రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి, మీ ఊరి జనం బంగారం అన్నారు. త్రివిక్రమరావు తన తండ్రి ఫోటోకు దండ మార్చి, "చెయ్యి ఉండాలి నాన్నా" అన్నాడు.

మూడో వారం ఎస్తేరు మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న రేవులో ఒక ముసలాయన్ని పైకి తీశారండి. నా బండి దగ్గర కూర్చుని ఒకటే వణుకు. జారలేదమ్మా, ఎవరో తోశారు అంటాడు. ఆయనకి పొర లేదు. ముద్ర లేని మాట ఎవరు నమ్ముతారు?"

"తోస్తే చుట్టూ ఉన్నవాళ్ల కళ్లలో పడదా అమ్మా? రేవు నిండా పొరలే కదా."

"నాకు తెలీదండి. నేను బోండాం కొడుతూ వంగి ఉన్నాను. ఇంకోటండి, ముగ్గురు కుర్రాళ్లు వచ్చి, అక్కా, నువ్వు దూకడం తెలిసినదానివి, జుట్టు ఎలా పట్టుకోవాలో మాకు నేర్పు అన్నారు. కత్తి చూపించి పొమ్మన్నాను."

ఆమె వెళ్లగానే ఆయన కూర్పరి ముందు కూర్చున్నాడు.

"ఇటుకల రేవులో నిన్న ఎన్ని రక్షణ వార్తలు?"

"పదకొండు."

"మనిషి పడే క్షణం చూపించు."

"లేదు. ప్రతిసారీ ఆ క్షణానికి ముందు, రేవు మెట్ల మీద ఉన్న పొరలన్నీ మూడు సెకన్లు చీకటయ్యాయి."

"పొరల్లో లోపమా?"

"పొరలు బాగున్నాయి. రెప్పలు మూసుకున్నాయి."

"అందరివీనా?"

"అందరివీ. ఒకేసారి. పడినవారిలో ఎవరికీ పొర లేదు. కాపాడినవారిలో ఎవరి పేరూ రెండుసార్లు రాలేదు. వంతుల ప్రకారం జరుగుతున్నట్టు ఉంది. కాపాడిన చేతులన్నీ నియమం ప్రకారం శుభ్రంగా ఉన్నాయి. తోసిన చేతిని ఏ కన్నూ చూడలేదు."

త్రివిక్రమరావు కుర్చీలోంచి లేచాడు. చెయ్యి చాచనివాళ్లను చూసి అసహ్యించుకున్నాడు నిన్నటిదాకా. ఇప్పుడు చాచిన చేతులే అంతకన్నా అసహ్యంగా తోచాయి. ఇవాళే ఈ నియమాన్ని పీకి పారేయాలి. కానీ యంత్రం ముద్ర వేసిన రక్షణ వార్తలు నమ్మి ఒకసారి మోసపోయాడు. ముందు తన కళ్లతో తాను చూడాలనుకున్నాడు. ఒంటరిగానే బయలుదేరాడు.

ఇటుకల రేవు చేరేసరికి పది గంటలైంది. ఎండ చురుక్కుమంటోంది. ఎస్తేరు బండి ఇంకా రాలేదు. మెట్ల మీద ఓ నలభై మంది ఉన్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ఆఫీసు బ్యాగులవాళ్లు. అందరూ టిఫిన్ చేసి, తల దువ్వుకుని వచ్చినవాళ్లే. ఒక్కరి మొహంలోనూ కోపంగానీ పాపంగానీ కనిపించలేదు. రేషన్ వరసలో నిలబడ్డంత నెమ్మదిగా ఉన్నారు.

ఆయన అడుగు మెట్టు దాకా దిగాడు. నీళ్లు లోతుగా, మురికిగా పారుతున్నాయి. వెనక్కి తిరిగి చూశాడు. అందరి చూపూ ఆయన కళ్లజోడు మీదే ఉంది. పొర లేని కళ్లు.

ముందు నిలబడ్డ యువకుడు చొక్కా గుండీలు విప్పుకుంటూ, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పెద్దాయనా, మీకు ఈత వచ్చా?"

ఆయన జీవితమంతా నిజం కోసమే పనిచేసినవాడు. అబద్ధం సమయానికి నోట రాలేదు.

"రాదు బాబూ" అన్నాడు.

రేవులో ఉన్నవాళ్లందరూ ఒకేసారి కళ్లు మూసుకున్నారు.