మూల ఇంటి మూడో పిలుపు

పొద్దుగూకిందంటే ఆ మూల ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు. తప్పక పోవాల్సొస్తే రోడ్డుకి అవతలి పక్కన, తల తిప్పకుండా, గబగబా పోతారు.

సౌదీలో, ధహ్రాన్ దగ్గర గోడ కట్టిన కాలనీ అది. గేటు దాటి లోపలికొస్తే ఎడారి ఎటు పోయిందో తెలీదు. ఇంటింటి ముందూ పచ్చగడ్డి, పసుపుపచ్చ స్కూలు బస్సు, కర్రతో బంతిని కొట్టి పరిగెత్తే ఆటకి ఓ మైదానం... ఉండేవాళ్లలో సగం మంది అమెరికా వాళ్లే. నర్సాపురం నుంచి వచ్చిన కొత్తలో దీనమ్మ, "అమ్మాయ్, నేనెక్కిన విమానం దారి తప్పి అమెరికాలో దిగలేదు కదా?" అని కూతురు రూబీని అడిగింది కూడాను.

ఆ మూల ఇంటి సంగతి ఆవిడకి చెప్పింది మహబూబ్బీ. కడప మనిషి. నాలుగిళ్ల అవతల అమెరికా వాళ్ల పిల్లల్ని చూసుకుంటుంది.

"మా, ఆ ఇంట్లో ఏందో ఉండాది. బయట తాళం. లోపల నరమానవుడు లేడు. అయినా మాట్లాడతాది."

"ఎవరే మాట్లాడేది?"

"ఇల్లు మా! ఇల్లే!"

తోటపని చేసే దిలావర్ ఓ సాయంత్రం ఆ వాకిట్లో నీళ్లు పెడుతుంటే ఎవరో ఆడమనిషి పలకరించిందట. పైపు అక్కడే పడేసి, చెప్పులూ అక్కడే వదిలేసి వచ్చాడు. మర్నాటి నుంచి పైపుకి పైపు అతికించుకుని, రోడ్డు అవతల నిలబడి తడుపుతున్నాడు. బిర్యానీ తెచ్చే కుర్రాడొకడు పొరపాటున ఆ తలుపు తట్టి, పొట్లం గడ్డిలో పెట్టేసి పరారయ్యాడట.

"మరి ఆ బిర్యానీ?" అంది దీనమ్మ.

"పొద్దున్నకి లేదు మా!" అంది మహబూబ్బీ, కళ్లు ఇంత చేసి.

దీనమ్మ యేసయ్యను తలుచుకుని, ఆ వెంటనే నవ్వింది. "బిర్యానీ తినే దెయ్యమైతే మంచిదేలేవే."

పగటిపూట నవ్వు వస్తుంది. ఎవరికైనా వస్తుంది.

*

దీనమ్మ వచ్చింది రూబీ పురిటికి. రూబీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు యెహోషువకి దమ్మామ్ రేవులో పని, వారంలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. ఆడపిల్ల పుట్టింది... గుప్పెడంత పిల్ల, కళ్లు మాత్రం పెద్దవాళ్లవి.

అంతా బానే ఉంది గానీ రూబీకి అన్నం సయించడం లేదు. ముద్ద నోట్లో పెడితే లోపలికి పోదు. తల్లి తినకపోతే పిల్లకి పాలెక్కడివి? పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"హార్మోన్లమ్మా, అదే సర్దుకుంటుంది," అంటుంది రూబీ.

"ఆ మోన్లేవో నాకు తెలీవు. పిల్ల డొక్క చూడు, ఎలా అంటుకుపోయిందో!"

ఆ రోజు దీపాలు పెట్టే వేళ రూబీయే నీరసంగా అంది. "అమ్మా... నువ్వు చేసే కరివేపాకు కారం ఉంటే, రెండు ముద్దలు తినేదాన్నేమో."

దీనమ్మ ప్రాణం లేచొచ్చింది. ఫ్రిజ్జు తీసింది. అల్లుడు అల్ ఖోబర్ నుంచి తెచ్చిన ఆకు ఉంది, ప్లాస్టిక్ సంచిలో, చలికి నల్లబడి. నలిపి చూస్తే వాసనే లేదు. రూబీ ఓసారి మూచూసి మొహం తిప్పేసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూల ఇల్లు! ఆ గుమ్మం పక్కన, కుండీలో, నిలువెత్తు కరివేపాకు చెట్టు. పగలు అవతలి పక్కన నడుస్తున్నా గాలికి వాసన వచ్చేది.

పొద్దున్న తెస్తే? ఇప్పుడు పుట్టిన ఆకలి పొద్దున్నదాకా ఆగుతుందా?

రూబీ కునుకు తీస్తోంది. ఉయ్యాల్లో పిల్ల మేలుకునే ఉంది, ఏడవకుండా. "ఇప్పుడే వస్తా, అమ్మని చూస్తుండు," అని దానికి చెప్పి దీనమ్మ బయల్దేరింది. తెల్లచీర. చలికి పైన కూతురి తెల్లకోటు. చెవుల్లో గాలి పోకుండా తల చుట్టూ తువ్వాలు.

*

బయట మంచు... సముద్రం మీంచి వచ్చిన మంచు. వీధి దీపాలు పాలలో పడ్డ పసుపులా ఉన్నాయి. కాలనీ అంతా ఇళ్లలోనే ఉంది, రోడ్డు మీద పిల్లి కూడా లేదు.

మూల ఇల్లు చీకటిగా ఉంది.

దీనమ్మ గడ్డి మీద అడుగేసింది. ఇంకో అడుగు. ఎవరో పక్కన నడుస్తున్నట్టు కోటు అంచు కాళ్లకి తగులుతోంది. గుమ్మం... మెట్టు... కుండీ.

పొద్దుగూకాక చెట్లు నిద్రపోతాయని, ఆకు కోయకూడదని వాళ్లమ్మ చెప్పేది. అందుకని వంగి, చెట్టుకి మొహం ఆనించి గుసగుసగా అడిగింది. "నిద్ర లేపుతున్నానని కోపగించుకోకమ్మా... బాలింతరాలి కోసం... పిల్ల ఆకలి కోసం... రెండే రెమ్మలు..."

చిటుక్కున ఓ రెమ్మ తుంచింది.

తలుపు పక్కన నీలం కన్ను తెరుచుకుంది.

గుండ్రంగా... రెప్ప లేకుండా... చూస్తోంది.

దీనమ్మ చెయ్యి చెట్టు మీదే ఉండిపోయింది. ఇంటి లోపలి నుంచి కాదు, గోడలోంచి, ఆడగొంతు వచ్చింది. గరగరమంటూ... దూరంగా... నూతిలోంచి వచ్చినట్టు—

"...అమ్‌?"

అమ్మ అంటోంది! తెలుగులో పిలుస్తోంది!

నోటిదాకా వచ్చిన "ఆఁ" దీనమ్మ మింగేసింది. రాత్రిపూట ఎవరు పిలిచినా రెండు పిలుపుల దాకా పలక్కూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిచేది మనిషే. ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి.

"అ...మ్‌?"

రెండు.

దీనమ్మ కదల్లేదు. తువ్వాలు ఊడొచ్చి మొహం మీద పడినా తీసుకోలేదు. ఆ కన్ను వైపే చూస్తూ నిలబడింది. ఆ కన్నూ ఆవిడ వైపే చూస్తోంది. మూడోది వస్తుందా... రాదా...

గోడ నిశ్శబ్దం అయిపోయింది. రాలేదు. అయితే ఇది—

"అమ్మా!"

సన్నగా, స్పష్టంగా... వెనక నుంచి.

"ఆఁ! వస్తన్నానే తల్లీ!" అని అరిచి, గుప్పెడు రెమ్మలు లాగేసుకుని, దిలావర్ కంటే జోరుగా పరిగెత్తింది దీనమ్మ. చెప్పులు మాత్రం వదల్లేదు. చంకలో పెట్టుకుంది.

ఇంట్లో రూబీ అలానే నిద్రపోతోంది.

"పిలిచావటే?"

"నేనా? లేదే..." అని కళ్లు నులుముకుంది రూబీ. "ఏంటమ్మా ఆ వాసన?"

ఆ రాత్రి వెల్లుల్లి, ఎండుమిర్చి, పచ్చి కరివేపాకు ఘుమఘుమకి ఇల్లంతా తుమ్మింది. వేడన్నంలో నెయ్యేసుకుని రూబీ ఓసారి తిని, మళ్లీ పెట్టమంది. పిల్ల కడుపారా తాగి, తెల్లారేదాకా కదల్లేదు.

*

మర్నాడు పొద్దున్నే మహబూబ్బీ ఫోను పట్టుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"మా! దెయ్యం దొరికింది! మా మేడమ్ వాళ్ల గ్రూపులో వీడియో ఉండాది. కాలనీలో అమెరికా వాళ్లంతా రాత్రి దీపాలేసుకునే పండుకున్న్యారు! నేను కూడా పంపించుకున్న్యా, చూడు!"

దీనమ్మ భయంభయంగా చూసింది. మంచులోంచి తెల్లటి ఆకారం వచ్చింది. చెట్టుకి మొహం పెట్టి ఏదో గొణిగింది. తల ఎత్తింది... కళ్లు రెండూ నిప్పుల్లా మెరుస్తున్నాయి. మొహం మీద గుడ్డ.

"ఓలమ్మో, ఎంత ఘోరంగా ఉందే మొహం!" అంది దీనమ్మ, ఫోను దూరంగా పట్టుకుని.

"ఆగు మా, చెయ్యి చూడు. గాజుకి ఏందో వేలాడతా ఉంది."

ఇద్దరూ వంగి చూశారు. పిన్నీసులు. గాజుకి గుత్తిగా తగిలించిన పిన్నీసులు.

"దెయ్యాలకి పిన్నీసులెందుకు మా?"

దీనమ్మ నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి దాచుకుంది. గలగలమని చప్పుడైంది.

మహబూబ్బీ నేల మీద కూలబడి నవ్వింది. రూబీ కడుపు పట్టుకుని, "నవ్వించకండే, కుట్లు!" అని కేకలు పెట్టింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ ఇంటావిడ పేరు బెట్సీ. హ్యూస్టన్‌లో కూతురి దగ్గరికెళ్లింది. కాలింగ్ బెల్లులోనే నీలం దీపం వెలిగే కెమెరా పెట్టించింది. గుమ్మంలో ఎవరు కదిలినా అమెరికాలో ఆవిడ ఫోను మోగుతుంది, అక్కణ్నుంచే పలకరిస్తుంది. రాత్రి వీడియో గ్రూపులో పెట్టిందీ ఆవిడే. "మ్యామ్? మ్యామ్?" అన్న ఆవిడ మాటే మంచులో, గరగరలో "అమ్‌" అయింది.

మధ్యాహ్నం మహబూబ్బీ మేడమ్ ఫోన్లో బెట్సీని కలిపింది. తెల్లజుట్టు, గుండ్రటి మొహం. దీనమ్మని చూడగానే ఇంత నోరు తెరిచి, గుండె మీద చెయ్యేసుకుని గలగలా నవ్వింది.

"ఏవంటందే?" అని రూబీని అడిగింది దీనమ్మ.

"నువ్వు పలక్కుండా అలా చూస్తుంటే ఆవిడ ఊపిరి ఆగిపోయిందట. చెట్టు మీద చేతబడి చేస్తున్నావనుకుందట."

"పాపం! క్షమాపణ అడిగానని చెప్పవే. ఎందుకు పలకలేదో అది కూడా చెప్పు. రెండుసార్లే పిలిచిందిగా మరి!"

రూబీ చెప్పింది. బెట్సీ కళ్లు తుడుచుకుంటూ వింది. చెట్టంతా నీదే, ఎప్పుడైనా కోసుకో అంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు ఆపి, ఒక మాట అడిగింది.

రూబీ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.

"ఏంటే?"

"తను రెండుసార్లే పిలిచాను, నిజమే అంటోంది... మరి మీ అమ్మ పరిగెత్తే ముందు సన్నగా ఇంకో గొంతు వినిపించింది, అది ఎవరిది అంటోంది."

దీనమ్మ వీడియో మళ్లీ పెట్టించింది. చెవి ఆనించి వింది. ఉంది. అమ్మా! అని... సన్నగా, స్పష్టంగా.

మహబూబ్బీ ఆ సరికి తను చూసుకునే పిల్లలకి అన్నం పెడుతోందట. రూబీ నిద్రలో ఉంది. యెహోషువ దమ్మామ్‌లో ఉన్నాడు. ఆ వీధిలో తెలుగు మాట తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు.

మూడోసారి పిలిచేది మనిషే... అందులో మాత్రం అనుమానం లేదు.

దీనమ్మ మెల్లగా ఉయ్యాల దగ్గరికెళ్లి, తొంగి చూసింది.

"ఏమే... నువ్వేనా?" అంది గుసగుసగా.

గుప్పెడంత పిల్ల, పెద్దవాళ్ల కళ్లతో ఆవిణ్ని అలా చూసి చూసి... బోసినోరంతా తెరిచి నవ్వింది.