కన్యాదానం వేళ

"ఎల్లుండి మీ అమ్మాయి పెళ్ళి కదూ?" అడిగాడు చీఫ్ సత్యనారాయణమూర్తి.

"అవును సర్. పదిరోజులు సెలవు శాంక్షన్ చేసింది మీరే."

"క్యాన్సిల్."

బాపులపాడు దాటాక రోడ్డువారనే మామిడితోట. చెట్ల కింద ఓ నల్ల అంబాసిడర్. ఢిల్లీ నుంచి కాయలు కొనడానికొచ్చిన సేటు వేషంలో వెనక సీట్లో చీఫ్. పక్కన ఉమాపతి. ఇంట్లోవాళ్ళకి అతను ఢిల్లీ ఆహార శాఖలో సూపరింటెండెంటు. అసలు ఉద్యోగం గూఢచర్యం. ఆ సంగతి వాళ్ళ డిపార్ట్‌మెంటులో కొందరికే తెలుసు.

1965 మే నెల. కచ్ సరిహద్దులో తుపాకులు పేలుతున్నాయి. రోజూ పేపర్లో అవే వార్తలు.

"మూడు ఆర్మీ స్పెషల్ రైళ్ళు బెజవాడ మీదుగా సరిహద్దుకి వెళ్తున్నాయి," అన్నాడు చీఫ్. "ఏ రైలు ఏ బ్రిడ్జి ఎప్పుడు దాటుతుందో ఆ టైమ్‌టేబుల్ మొత్తం ఎవడో ఫోటో తీశాడు. శత్రువుల వైర్‌లెస్ మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. ఇంకా కడగని ఫిల్మ్ రోల్ ఎల్లుండి నూజివీడులో చేతులు మారుతుంది. ఆ సాయంత్రానికల్లా కాకినాడలో ఓడ ఎక్కుతుంది."

"నూజివీడులో ఎక్కడ సర్?"

"మీ పందిట్లో."

ఉమాపతి గిర్రున చీఫ్ వైపు తిరిగాడు.

"హైమవతి కూడా వస్తుంది. ఆ ముఠాలో మన మనిషి ఆవిడే. ఎవరివైపు చూసి నల్లకళ్ళజోడు తీస్తుందో, వాడి దగ్గరుంది ఫిల్మ్. వంటవాళ్ళ వేషంలో మన రామకృష్ణ, మరిద్దరు ఉంటారు. గొడవ జరిగినట్టు పిట్టకి కూడా తెలియకూడదు. పందిట్లో పిల్లాపాపా ఉంటారు."

"సర్, నేను పెళ్ళికూతురి తండ్రిని."

"అందుకే నువ్వు. ఆ పెళ్ళికి ఎందుకొచ్చావని నిన్నెవరూ అడగరు."

* * *

పెళ్ళిరోజు ఉదయం పదిన్నరకే ఎండ చుర్రుమంటోంది. ముహూర్తం పదకొండూ నలభై రెండు. తాటాకు పందిరి కింద నాలుగొందలమంది జనం. పట్టుబట్టలో పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు ఉమాపతి. ఎదురుగా పెళ్ళికొడుకు వెంకటాచలపతి, ఏలూరు కాలేజీలో లెక్చరర్. కాసేపట్లో కూతురు భారతిని బుట్టలో తీసుకొస్తారు. నిన్నమొన్నటిదాకా ఆ పిల్లకి జడవేస్తే కుదురుగా కూర్చునేది కాదు.

హైమవతి రెండో వరసలో కూర్చుంది. ఆకుపచ్చ బెనారస్ చీర, నల్లకళ్ళజోడు, ఒళ్ళో తోలు హ్యాండ్‌బ్యాగ్. పందిట్లో సగంమంది ఆడవాళ్ళు ఆ చీర వైపే చూస్తున్నారు. రెండేళ్ళు ఢిల్లీలో అతనితో కలిసి పనిచేసింది. ఇంతవరకూ కళ్ళజోడు తియ్యలేదు.

భార్య లలిత వచ్చి పక్కన కూర్చుంటూ ఓ చీటీ అతని చేతిలో పెట్టింది. "మీకివ్వమని వంటవాడు ఇచ్చి వెళ్ళాడు."

"మీ చీటీ అందింది. ముగ్గురం ఆగిరిపల్లి తోటకి బయల్దేరాం. రామకృష్ణ."

ఉమాపతి చీటీ మళ్ళీ చదివాడు. అతను ఎవరికీ ఏ చీటీ రాయలేదు. తనతో పనిచేసి, తన చేతిరాత అచ్చుగుద్దినట్టు దించగల మనిషి ఈ పందిట్లో ఒక్కతే.

తలెత్తి చూశాడు. బెజవాడ నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫర్ కోటేశ్వరరావు కెమెరాలో రీలు మారుస్తున్నాడు. తీసిన రీలు తన సంచీలో వేసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఇంకో రీలు తీసి, మంచినీళ్ళ గ్లాసు అందిస్తున్నట్టు వంగి, హైమవతి బ్యాగులో జారవిడిచాడు.

కళ్ళజోడు తియ్యాల్సిన మనిషే ఫిల్మ్ పుచ్చుకుంది!

లేవబోయాడు ఉమాపతి. పురోహితుడు భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టాడు. "ఎక్కడికండీ? సంకల్పం చెప్పుకున్నాక లేవకూడదు. వరుడి కాళ్ళు కడగాలి."

నాలుగొందల జతల కళ్ళు. ముందు పళ్ళెం, పక్కన భార్య, వెనక గోడలా బంధువులు. అరిస్తే తొక్కిసలాట. ఆవిడ దగ్గర ఆయుధం ఉండే తీరుతుంది. కదలకపోతే మూడు రైళ్ళనిండా జవాన్లు బలి. తన కూతురి పెళ్ళిలో తానే బందీ.

పెళ్ళికొడుకు పాదాలు పళ్ళెంలో పెట్టాడు. లలిత చెంబు వంచింది.

"లలితా," గొణిగాడు ఉమాపతి, "నేను ఆహార శాఖలో పనిచెయ్యను."

"తెలుసు. సరిగ్గా కడగండి, మడమ తడవలేదు."

"తెలుసా! ఎప్పట్నించి?"

"భారతి అన్నప్రాశన నాడు మీ కోటు దులిపితే రివాల్వర్ కిందపడింది. బియ్యం లెక్కలు చూసేవాళ్ళకి రివాల్వర్ ఎందుకండీ? మీరే చెప్తారని ఇన్నాళ్ళూ ఊరుకున్నా."

పదిహేడేళ్ళు! అతనికి సిగ్గేసింది. సిగ్గుపడే టైము కూడా లేదు.

"ఆ ఆకుపచ్చ చీర ఆవిడ బ్యాగులో ఫిల్మ్ రోల్ ఉంది. దేశం మీదికొచ్చే వ్యవహారం. అది బయటికి పోకూడదు."

లలిత ఇంకేమీ అడగలేదు. గొంతెత్తింది. "సుబ్బరత్నం పిన్నీ! మంగళసూత్రం పళ్ళెం పెద్దముత్తయిదువలందరికీ తాకించావా? ఢిల్లీ నుంచి వచ్చారు, ఆవిణ్ణి మర్చిపోయావేం? ఆవిడ బ్యాగు ఇలా నా పక్కన పెట్టు, జాగ్రత్తగా ఉంటుంది."

హైమవతి అప్పటికే లేచి గుమ్మం వైపు నడుస్తోంది. సుబ్బరత్నమ్మ, ఆవిడ వెంట ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"అయ్యో, అక్షింతలు వెయ్యకుండా వెళ్తారేంటండీ?"

"బ్యాగు ఇవ్వమ్మా, రెండు చేతులా తాకాలి."

"భోంచెయ్యకుండా కదలనిస్తామా?"

ఏ ట్రైనింగ్ స్కూల్లోనూ ఈ ముట్టడికి జవాబు నేర్పరు. బ్యాగు లలిత పక్కకొచ్చింది. పళ్ళేలు సర్దినట్టు ఆమె ఎడమచెయ్యి ఒక్కసారి కదిలింది. రెండు నిమిషాల్లో బ్యాగు తిరిగి వెళ్ళిపోయింది.

భారతి వచ్చి కూర్చుంది. కూతురి చెయ్యి పెళ్ళికొడుకు దోసిట్లో పెట్టి పట్టుకున్నాడు ఉమాపతి. కన్యాదానం మంత్రం మొదలైంది. ఆ చేతుల మీద లలిత ధార పోస్తోంది.

"ధార తెగకూడదమ్మా," హెచ్చరించాడు పురోహితుడు.

అప్పుడు వెనకనుంచి మల్లెల సెంటు వాసన. పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది.

"లిప్‌స్టిక్కే. లోపల ఒక్క బులెట్ ఉంది," నవ్వుతూ చెవిలో అంది హైమవతి. చూసేవాళ్ళకి ఆశీర్వదించడానికి వంగినట్టుంది. "రీలు ఎక్కడ? పీటల మీదున్న మనిషి లేవలేడనే ఈ పెళ్ళి ఎంచుకున్నాను ఉమాపతీ. మీ అమ్మాయి ఎంత ముద్దుగా ఉందో! మూడు లెక్కపెడతాను. ఒకటి..."

అతని చేతుల్లో కూతురి చెయ్యి ఉంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. రైళ్ళు ఒకవైపు, ఈ చెయ్యి ఒకవైపు. ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"రెండు..."

"ఇదేనా అమ్మా మీరు వెతుకుతున్నది?" అంది లలిత.

కుడిచేత్తో ధార ఆగలేదు. ఎడమచేత్తో రొంటినున్న రీలు తీసింది. అంటించిన కాగితం పంటితో చించి, కొస పట్టుకుని రీలుని పందిరి బయటికి విసిరింది. నల్లకాగితం, బూడిదరంగు ఫిల్మ్ గిరగిరా విప్పుకుంటూ వెళ్ళి మే నెల ఎండలో పరుచుకున్నాయి. కడగని ఫిల్మ్. మూడు రైళ్ళ రహస్యం క్షణంలో మాడిపోయింది.

హైమవతి చూపు అటు తిరిగింది. ఆ అరక్షణం చాలు. కూతురి చెయ్యి వదలకుండానే మోచేత్తో వెనక్కి పొడిచాడు ఉమాపతి. ఢామ్మని పేలింది. గుండు తాటాకుల్లోంచి ఆకాశంలోకి పోయింది.

అది సైగ అనుకుని భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు.

"ఆపండర్రా! ఇంకా పదకొండు నిమిషాలుంది!" అని కేకలేశాడు పురోహితుడు.

మోచేతి దెబ్బకి ఊపిరాడక కూలబడ్డ హైమవతిని, "ఎండదెబ్బ పాపం" అంటూ సుబ్బరత్నమ్మ బృందం లోపలి గదిలోకి మోసుకెళ్ళింది. లలిత కనుసైగ చూసి ఎవరో బయట గడియపెట్టారు. సంచీ చంకనపెట్టుకుని పరుగెత్తిన ఫోటోగ్రాఫర్, ఆగిరిపల్లి తోటలో ఎవరూ లేక తిరిగొస్తున్న రామకృష్ణ జీపుకే ఎదురుపడి దొరికిపోయాడు.

సరిగ్గా పదకొండూ నలభై రెండుకి భారతి తలమీద జీలకర్రాబెల్లం పడింది. ఉమాపతి కళ్ళు తుడుచుకున్నాడు. ఆడపిల్ల తండ్రి కదా అనుకున్నారందరూ.

* * *

మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో అదే అంబాసిడర్.

"బ్రిలియంట్!" అన్నాడు చీఫ్. "రైళ్ళు క్షేమంగా వెళ్తున్నాయి. ఆ పని చేసిన ఏజెంటు పేరు చెప్పు. మెడల్‌కి రికమెండ్ చేస్తాను."

"వద్దు సర్. ఆవిడ ఇప్పుడు మన డిపార్ట్‌మెంటు మీద మండిపడుతోంది."

"ఎందుకూ?"

"తలంబ్రాల ఫోటోలు అయ్యేదాకా ఆగి ఫోటోగ్రాఫర్‌ని పట్టుకుంటే మీ సొమ్మేం పోయిందని సర్."