ఆరో పొయ్యి

నేనెవరి మాటా తేలిగ్గా విననని నూజివీడు మిషన్ బడిలో పేరుంది. మూడో తరగతి చెప్పే లేయా టీచరంటే ఉత్త మొండిఘటమని హెడ్మాస్టరుగారు నా ఎదుటే అనేవారు. అందుకే కాబోలు, 1949లో జనాభా లెక్కలకు ముందుగా ఇళ్ళకు నంబర్లు వేసే పని వచ్చినప్పుడు, మగ పంతుళ్ళెవరూ ఒప్పుకోని మామిడితోటల వాటా నాకు అంటగట్టారు.

పని తేలికే. గుమ్మం మీద తారుతో నంబరు వేయాలి, ఇంట్లో ఎవరెవరున్నారో పుస్తకంలో ఎక్కించాలి. ఇల్లంటే ఏమిటన్నదానికి తాలూకా ఆఫీసులో ఒకటే సూత్రం చెప్పారు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక ఇల్లు. పొయ్యి వేరైతే నంబరూ వేరే. తోటల్లో పాకలకు గుమ్మాలుండవు, తడికలే. తడిక మీద తారు నిలవదు కాబట్టి పాక పక్కనున్న మామిడిచెట్టు మొదలుకే నంబరు వేసేదాన్ని.

శ్రావణమాసంలో విస్సన్నపేట రోడ్డు మీద ఒక పెద్ద తోటకు వెళ్ళాను. కాపు ఎప్పుడో అయిపోయింది. కాయల షెడ్డులో ఒక్కడే కూర్చున్న గుమాస్తా నారాయణరావు నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

“పాకలు అయిదండీ. అయిదే రాసుకోండి, టీచరమ్మగారూ. చివర ఇంకోటి కనబడుతుంది, అది ఖాళీ. సవరమ్మని ఒక విధవ మనిషి ఉండేది. నిరుడు ఊడ్పులకని ఉంగుటూరు పోయింది, మళ్ళీ రాలేదు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని వరస.

కూలీలు పనుల నుంచి తిరిగొచ్చేది దీపాల వేళకే. అందాకా ఆగి, తారు డబ్బా మోసే గ్రామ నౌకరు పెద్దిరాజుతో లోపలికి నడిచాను. అప్పుడే వాన వెలిసింది. పైన ఇంకా వెలుతురుంది గానీ చెట్ల కింద చీకటి పడిపోయింది. ఆకుల మీంచి చినుకులు టప్పు టప్పుమని రాలుతున్నాయి. మురిగిన టెంకల పులిసిన వాసన.

నలభై ఒకటి నుంచి నలభై అయిదు దాకా వేశాం. అయిదో పాక బసవమ్మది. గంజి వారుస్తూ తలెత్తకుండా జవాబులు చెప్పింది.

“నీ తర్వాత ఇంకెవరూ లేరా?” అన్నాను.

“గుమాస్తాగారు ఏం చెప్పారో అదేనమ్మా.”

“మరి అక్కడ పొగ వస్తోందేం?”

తోట చివర, గుబురుగా ఉన్న పెద్ద రసాల చెట్టు కింద, సన్నగా పొగ లేస్తోంది. బసవమ్మ అటు చూడలేదు. అన్నం కుండ లోపల పెట్టుకుని తడిక మూసేసింది. పెద్దిరాజు తారు డబ్బా నేల మీద పెట్టాడు.

“నేను రానమ్మగారూ. ఏడాదయింది, పొద్దుగూకాక అటు ఎవ్వరం పోవటం లేదు.”

“దెయ్యాల కబుర్లు నా దగ్గర చెప్పకు. పొయ్యి ఉంటే ఇల్లే.”

డబ్బా, లాంతరు నేనే పట్టుకుని నడిచాను. ఆ పాక కప్పు సగం కూలిపోయి ఉంది. ముందు మూడు రాళ్ళ పొయ్యి మండుతోంది. ఒకామె నాకు వీపు పెట్టి దాని ముందు కూర్చుంది. వాన వెలిసిన సాయంత్రం కదా, చలి కాచుకుందామని మంట దగ్గరికి చెయ్యి చాపాను.

వేడి లేదు.

పొగలో కట్టెల వాసన కూడా లేదు. అప్పుడే తవ్విన గోతి వాసన...

భయపడలేదని అబద్ధమాడను. కానీ భయపడి పారిపోయానని ఆ గుమాస్తా నవ్వడం కంటే చావడం నయమనిపించింది. పుస్తకం తెరిచాను.

“పేరు?”

“సవరమ్మండి.” గొంతు మెల్లగా, నేలకు దగ్గర్నుంచి వచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు?”

“ఎక్కడికీ పోలేదండి... ఇక్కడే ఉన్నాను. అలాగే రాయండి.”

“ఇంట్లో ఎంతమంది?”

“ఇద్దరం.”

“రెండోవాళ్ళ పేరు?”

“ఇంకా పెట్టలేదండి.”

“ఆడా, మగా?”

చినుకులు ఆగాయి.

“చూడలేదండి...”

నా కలం ఆగిపోయింది. ఆమె జుట్టు నిండా మట్టి. తడిమట్టి. అది జారి పొయ్యిలో పడుతోంది. మంట మాత్రం ఆరడం లేదు.

“బిడ్డ తండ్రి పేరు?”

“ఆయన్నే అడగండి... రోజూ షెడ్డులో కూర్చుంటాడుగా.”

ఆ గడి ఖాళీగా వదిలేశాను. రసాల చెట్టుకు నలభై ఆరు వేశాను. ఆరు తోక వంకర పోయింది. తిరిగి చూస్తే మంట లేదు, మనిషి లేదు. తడిసిన బూడిద ఉంది, అంతే.

వారం తిరక్కుండా నారాయణరావు నా మీద అర్జీ పెట్టాడు, లేని ఇల్లు రాశానని. రుజువైతే నా ఉద్యోగం ఊడుతుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పట్టపగలు విచారణకొచ్చాడు. కూలీలందరినీ ఆ చెట్టు కింద నిలబెట్టారు. నారాయణరావు గొడ్డలితో నా నంబరు చెక్కించేసిన చోట తెల్లగా, పుండులా కనబడుతోంది.

“ఈ సవరమ్మ లేదు సార్,” అన్నాడు నారాయణరావు. “కొట్టేయించండి.”

“ఉంగుటూరులో ఉందన్నారుగా?” అన్నాను. “లేదని మీకెలా తెలుసు?”

అతని మొహం మాడిపోయింది. “ఒక్క గీత గీస్తే పోయేదానికి ఉద్యోగం పోగొట్టుకుంటారా?” అన్నాడు.

“పోతే పోనీండి. ఉన్నానని తన నోటితో చెప్పిన మనిషిని నేను కొట్టెయ్యను.”

ఇన్‌స్పెక్టరు కూలీల వైపు తిరిగాడు. “ఇక్కడ పొయ్యి వెలుగుతోందా?”

అందరూ గుమాస్తా వైపు చూశారు. నారాయణరావు మాటొకటి చాలు, అయిదు పాకలూ పీకేయడానికి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు బసవమ్మ ఒక అడుగు ముందుకేసింది.

“వెలుగుతోందయ్యా. రోజూ వెలుగుతోంది. సవరమ్మ ఎక్కడికీ పోలా. పాక పీకుతావో, పీక కోస్తావో నీ ఇష్టం గుమాస్తా, ఏడాది నోరు కట్టుకున్నది చాలు.”

వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరు అన్నారు. “ఉందండి.” “ఉందండి.” ఆఖరున పెద్దిరాజు కూడా.

నారాయణరావు పకపకా నవ్వి గొంతుక్కూర్చున్నాడు. “వెలుగుతోందా? చూడండి సార్, ఎన్నాళ్ళ బూడిదో!” అంటూ మణికట్టు దాకా పొయ్యిలోకి చెయ్యి దూర్చాడు.

నవ్వు ఆగింది.

చెయ్యి బయటికి రాలేదు. లాగాడు. భుజం కదిలింది, చెయ్యి కదల్లేదు. “వదులు...” అన్నాడు, బూడిదతో. మాతో కాదు. “వదులు సవరమ్మా...”

ఇన్‌స్పెక్టరూ పెద్దిరాజూ నడుం పట్టి లాగితే ఊడొచ్చింది. మణికట్టు చుట్టూ అయిదు వేళ్ళ వాతలు. చిటికెన వేలి మీద ఇంకో వాత ఉంది, చిన్నది, చంటిబిడ్డ గుప్పిట పట్టేంత.

ఇన్‌స్పెక్టరు పోలీసులకు కబురంపాడు. వాళ్ళు వచ్చేసరికి తెల్లారింది. రాత్రి షెడ్డులో పడుకున్న నారాయణరావు లేడు. మంచం మీద దుప్పటి అలాగే ఉంది, చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. ఎక్కడికి పోయాడని జమాదారు అడిగితే బసవమ్మ తడుముకోకుండా చెప్పింది.

“ఉంగుటూరండి. ఊడ్పులకి.”

పొయ్యి కింద తవ్వితే సవరమ్మ దొరికింది, ఆమెలోని బిడ్డతో సహా. పేరు చెప్పి, ప్రార్థన చేసి, మా చర్చి వెనక సమాధి చేశాం.

నెల తిరిగాక తాలూకా ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. నలభై ఆరులో మనుషులు లేరని తేలింది గనక ఆ వరస కొట్టేసి పుస్తకం పంపమన్నారు. న్యాయమేననుకుని, పెట్టెలో తాళం వేసి దాచిన పుస్తకం తీశాను.

కలం సిరాలో ముంచి ఆ పేజీ తిప్పాను. నేను ఖాళీగా వదిలిన గడి నిండి ఉంది. బిడ్డ తండ్రి: నారాయణరావు. నా దస్తూరీయే, వంకరపోయిన అక్షరాలతో సహా. ఇంట్లో ఎంతమంది అన్నచోట రెండు లేదు. మూడు ఉంది.

ఆ వరస నేను కొట్టెయ్యలేదు. అలాగే పంపాను. అడిగితే చెప్పుకుంటాననుకున్నాను, ఎవరూ అడగలేదు. మొన్న పెద్దిరాజు బడికొచ్చి, చెక్కేసిన చోట తారు మళ్ళీ పైకి తేలిందన్నాడు. పొగ కూడా ఇంకా లేస్తోందట. ఇప్పుడు దాంతోపాటు పొయ్యి లోపల్నుంచి ఒక మగగొంతు, సన్నగా, లెక్క తప్పు రాశారని ఏడుస్తోందట.