పెట్టెలోంచి వచ్చిన జవాబు

మా గోడౌన్ నుంచి ఓడల మీద వెళ్ళేవన్నీ ప్రాణం లేని వస్తువులే. తెల్ల కాగితాల కట్టలు, ఫైళ్ళు, స్టాప్లర్లు, పిన్నుల డబ్బాలు, ఆఫీసు కుర్చీలు. ఇక్కడ పెట్టెకెక్కించి పంపితే, నలభై రోజులకు సముద్రం అవతల ఎవరో ఆ కుర్చీలో కూర్చుని ఆవులిస్తారు. ఈ ఉద్యోగంలో భయపడాల్సినదేమీ లేదని పదకొండేళ్ళు అనుకున్నాను.

సరుకు సరిచూసేది నేను. ఎక్కించేది మా బావమరిది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె పోరు పడలేక నేనే వాణ్ణి పనిలో పెట్టించాను, మా ఇంట్లోనే ఉంచుకున్నాను. దానికి వాడేం చేశాడో తెలుసా? ఒకసారి నీలం ఫైళ్ళ బదులు ఆకుపచ్చవి వెళ్ళిపోతే, తప్పు బావదేనని మేనేజరు ముందు నిలబడి చెప్పాడు. తప్పు నాదే. అయితే మాత్రం చెప్పేస్తారా? ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మూడు నెలలు ఒకే ఇంట్లో తింటూ, ఒకే గోడౌన్లో చెమటోడుస్తూ ఎడమొహం పెడమొహంగా తిరిగాం. ఇద్దరి మధ్యా నలిగిపోయింది నా భార్య.

ఒక్క మాట మాత్రం తప్పేది కాదు. ఓడకెక్కే ఇనప పెట్టె రెండు గదులంత పొడవుంటుంది. సరుకు కింద వేసే చెక్కల్లో పురుగు చావాలని, తలుపులు మూశాక లోపలికి విషపు గ్యాసు వదులుతారు. అందుకే మూసేముందు ఒకడు గుమ్మం దగ్గర నిలబడి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడగాలి. రెండోవాడు లోపలంతా చూసి, బయటికొచ్చి, "ఎవరూ లేరు" అనాలి. అది మా గోడౌన్ పద్ధతి. అడిగేది నేను, చెప్పేది వాడు. మూడు నెలలుగా మా బంధుత్వమంతా ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు.

ఆ రోజు మధ్యాహ్నం మూడయింది. ఆరింటికల్లా పెట్టె రేవుకు చేరకపోతే ఓడ దాటిపోతుంది. సరుకంతా ఎక్కింది. ఎండ పెట్టె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపల కుర్చీల వరుస వెనక చిక్కటి చీకటి. కొత్త కాగితం వాసన, తుప్పు వాసన కలిసి ముక్కుకు కొడుతున్నాయి. ఎక్కడో ప్లాస్టిక్ కవరు ఒకటి చిన్నగా గరగరలాడి ఊరుకుంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"



"ఎవరూ లేరు."

జవాబు లోపలి నుంచే వచ్చింది. వాడి గొంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీల వెనక నక్కి నన్ను ఆట పట్టిస్తున్నాడన్నమాట! ఓడ దాటిపోతే చీవాట్లు తినేది నేను కదా. పది నిమిషాలు చీకట్లో ఉంటే పొగరు దిగుతుందనుకున్నాను. రెండు తలుపులూ మూసి, గడియ బిగించాను. చేతులు దులుపుకుంటుంటే హాయిగా కూడా అనిపించింది. అబద్ధం చెప్పను.

అప్పుడే మేనేజరు పిలిచాడు. సరుకు జాబితాలో పిన్నుల డబ్బాలు ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా ఉన్నాయట. పేజీ తర్వాత పేజీ దిద్దించాడు. నేను బయటపడేసరికి నలభై నిమిషాలు.

పెట్టె దగ్గర గ్యాసాయన గొట్టం చుట్టుకుంటున్నాడు. తలుపుకి సీలు వేలాడుతోంది.

పరిగెత్తాను.

"తియ్యండి! లోపల మనిషున్నాడు... మా బావమరిది..."

"గ్యాసు వదిలి అరగంటయింది," అన్నాడాయన, మొహం పాలిపోయి. "లోపల చూశామని మీ వాళ్ళే చెప్పారుగా?"

"ఎవరు?"

ఆయన నోరు తెరిచేలోపు నా భుజం మీద చెయ్యి పడింది. చల్లటి చెయ్యి.

"ఏంటి బావా?"

టీ గ్లాసు పట్టుకుని వాడే నిలబడి ఉన్నాడు. నేను అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మూడు నెలల కోపం ఆ ఒక్క 'బావా'తో కరిగిపోయింది. మరి లోపలి నుంచి పలికిందెవరు? అడగాలనిపించలేదు. తలుపు తీసి చూడాలనీ అనిపించలేదు. పెట్టెకి చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. లారీ పెట్టెను లాక్కుపోయింది.

ఆ తర్వాత మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో! వాడు ఎదురు చెప్పడం మానేశాడు. అడిగిన పనల్లా చేసేవాడు. మా ఐదేళ్ళ పాపతో గంటలు గంటలు ఆడేవాడు. మారిపోయాడండీ అని నా భార్య మురిసిపోయింది.

ఒక్కటే వింత. తెరిచి ఉన్నదేదీ వాడు చూడలేడు. డబ్బా మూతలు, కిటికీలు, బీరువా తలుపులు... ఏది కనిపించినా మూసేస్తాడు. మూసేముందు లోపలికి తొంగి చూస్తాడు. చూసి నవ్వుతాడు. వాడు పక్కనుంచి వెళ్తే తుప్పు వాసన వేసేది. గోడౌన్లో పనిచేసేవాడి దగ్గర తుప్పు వాసన రాక ఇంకేం వస్తుందని సర్దిచెప్పుకున్నాను.

నలభై మూడో రోజు, మధ్యాహ్నం, సరుకు కొన్నవాళ్ళ దగ్గర్నుంచి మెయిలొచ్చింది.

'సీలు చెక్కుచెదరలేదు. సరుకంతా సరిగ్గా ఉంది, అది తప్ప లోపల ఇంకేమీ లేదు. అయితే పెట్టె తలుపుకి లోపలివైపు ఏదో రాసి ఉంది. మీ భాష అనుకుంటున్నాం. ముట్టుకుంటే రంగు చేతికంటింది, ఇంకా ఆరలేదు. ఫోటో పంపుతున్నాం.'

ఫోటో తెరిచాను. నల్ల మార్కరు రాత. వంకర టింకరగా...

'బావా నేను లోపలే ఉన్నా. ఊరికే ఆట పట్టించా. తలుపు తియ్యి.'

దాని కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ. అట్టడుగున అక్షరాలు చిన్నవైపోయాయి.

'బయట నిన్ను బావా అంటున్నదెవరు?'

నేను చేశాను. నా చేత్తో నేనే గడియ బిగించాను... మరి ఇన్నాళ్ళూ నా ఇంట్లో తిని, తిరిగి, నా బిడ్డను ఎత్తుకున్నది...

ఇంటికి ఫోన్ చేశాను.

"తమ్ముడేడీ?"

"ఇక్కడే ఉన్నాడండీ. ఒంట్లో బాలేదని ఇవాళ పనిలోకి రాలేదుగా."

"పాప?"

"ఇంతసేపూ మామయ్యతో దాగుడుమూతలు ఆడింది. ఇప్పుడు నా ఒళ్ళో కూర్చుంది. ఎంత బుద్ధిగా ఉందో! పిలిస్తే చాలు, నవ్వుతోంది."

"ఎక్కడ... ఎక్కడ దాక్కుంది?"

"మన గదిలో బీరువాలో. వాడే వెతికి పట్టుకొచ్చాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఏవండీ... బీరువాలో ఎలుక దూరినట్టుంది. ఒకటే గీరుతోంది. తాళంచెవి ఇవ్వరా అంటే వీడు ఇవ్వడు."