ఉక్కు మీద బంగారం

ఆస్ట్రేలియా తీరంలోని టౌన్స్‌విల్‌లో నవంబరు ఉక్కపోత మనిషిని ఒకచోట నిలవనివ్వదు. డిటెక్టివ్ మోరా క్విల్టీ గదిలోకి దూసుకొచ్చిన టెగన్ అయితే కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె యూనివర్సిటీ ఉమ్మడి ల్యాబ్‌లో లోహాల మీద పరిశోధన చేస్తోంది.

"పడవలు ఆగే పాత జెట్టీ నుంచి కోసిన ఉక్కు ముక్కలో పగులుందండీ! ఫొటో కూడా తీశాను. ప్రొఫెసర్ మళ్లీ చూస్తే పగులు లేదు. ఫొటో నేనే కల్పించానంటున్నారు. రేపు విచారణ. నన్ను పంపించేస్తారు మేడమ్!"

"ముక్క మార్చేశారంటావా?"

"మార్చకపోతే పగులు దానంతటదే అతుక్కుందా?"

అసిస్టెంట్ లెస్ నవ్వబోయి, మోరా చూపు చూసి ఆగిపోయాడు.

మోరా ల్యాబ్‌కి వెళ్లింది. ముక్కలు దాచే బీరువా తాళం టెగన్ కాక ముగ్గురి దగ్గరే ఉంది. "నా ల్యాబ్ పరువు తీసింది," అంటూ ప్రొఫెసర్ ఐరీన్ అటూ ఇటూ తిరిగింది. పరువన్న మాట పెద్దవాళ్లకే ముందు ఎందుకు గుర్తొస్తుందో! టెగన్‌తో పాటు లోహాల మీదే పనిచేసే ట్రెంట్ దాచుకోలేదు. "మా ఇద్దరికీ పడదు, నిజమే. అలాగని దొంగతనం చేస్తానా?"

మూడో మనిషి డాక్టర్ ప్రైడ్, పగడాల పరిశోధకుడు. మెరుస్తున్న పగడపు ముక్కలు ఉత్సాహంగా చూపించాడు.

"బంగారు పూతండీ. పగడంలో కరెంటు పారదు కదా, ఇది పుయ్యకపోతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో బొమ్మ అలుక్కుపోతుంది. ఈ వారమే పగడాలు గుడ్లు వదిలేది. ఏడాదికి ఒక్కసారే! నా ప్రాణమంతా అక్కడికెళ్లే పడవ మీదే ఉంది."

మోరా బీరువాలో ఉన్న ఉక్కు ముక్కను మళ్లీ మైక్రోస్కోప్‌లో పెట్టించింది. "బొమ్మ వద్దు. పైన ఏమేం పదార్థాలున్నాయో చూపించు," అంది టెగన్‌తో.

ఇనుము, మాంగనీస్, వాటి పక్కన బంగారం.

"జెట్టీకి బంగారు తాపడం చేయించారా ఏంటి!" అన్నాడు లెస్.

మోరా అందర్నీ పిలిపించింది.

"మార్చిన ముక్కలో పగుళ్లు లేవని దొంగ ముందుగా మైక్రోస్కోప్‌లో చూసుకున్నాడు. ఉక్కులో కరెంటు దానంతటదే పారుతుంది. లోహాలవాళ్లెవరూ దానికి పూత పుయ్యరు. పూత లేకుండా ఏదీ లోపల పెట్టని చెయ్యి ఇక్కడ ఒక్కటే."

ప్రైడ్ జేబులోంచి అసలు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"పగులు బయటపడి జెట్టీ మూసేస్తే నా పడవ బయల్దేరదు. ఒక్క వారం గడిస్తే మళ్లీ పెట్టేసేవాణ్ణి."

ఐరీన్ స్వయంగా దాన్ని మైక్రోస్కోప్‌లో పెట్టింది. తెర మీద పగులు ఏటవాలుగా కనపడింది. ఆమె టెగన్ వైపు తిరిగింది.

"విచారణ లేదు. తప్పు నాదే, టెగన్," అని, జెట్టీ మూయించడానికి ఫోనందుకుంది.

"నీకు చెడు చెయ్యాలనుకోలేదమ్మా," అన్నాడు ప్రైడ్.

టెగన్ మొదటిసారి కదలకుండా నిలబడింది.

"నిన్న నేను ఏడుస్తుంటే టీ కలిపిచ్చారు మీరు. ఊరుకో, అంతా సర్దుకుంటుందన్నారు. అప్పుడు కూడా ముక్క మీ జేబులోనే ఉందా?"

ప్రైడ్ తలూపాడు.